ఎల్బీనగర్ దాటి విజయవాడ రహదారి మీద ఒకరోజు: ట్రాఫిక్‌కు భయపడి మానుకోవద్దు

హైదరాబాద్‌లో ఎల్బీనగర్ నుంచి పెద్ద అంబర్‌పేట దాకా ట్రాఫిక్ చూస్తే భయమేస్తోంది, పిల్లలతో, పెద్దవాళ్లతో అంత అవస్థ పడి వెళ్లదగ్గ చోట్లు ఆ దారిలో ఉన్నాయా అని ఒకరు అడిగారు. ఉన్నాయి. వనస్థలిపురంలో ఉంటున్నాను, ఆ రోడ్డుతో నాకు రోజూ పనే.

ముందు రద్దీ సంగతి. జిల్లాలకు వెళ్లే బస్సులు, లారీలు, కాలనీల ఆటోలు, స్కూటర్లు అన్నిటికీ ఇదొక్కటే దారి. దూరప్రయాణపు బస్సులు ఎల్బీనగర్‌లో ఆగి జనాన్ని ఎక్కించుకుంటాయి, అక్కడే సగం రోడ్డు పోతుంది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారానికి మారినప్పటి నుంచి మామిడి కాలంలో ఆ వైపూ లారీలే. సంక్రాంతికి ముందు మూడు నాలుగు రోజులు మాత్రం అటు వెళ్లనే వద్దు.

మామూలు ఆదివారమైతే ఉదయం ఆరింటికల్లా ఎల్బీనగర్ దాటండి. దారిలో ఎక్కడా ఆగకుండా ముందు దూరపు చోటికి, అంటే పోచంపల్లికి వెళ్లండి. అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక రహదారి వదిలి ఎడమవైపు తిరగాలి. 1951లో వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చి భూదానోద్యమానికి నాంది పలికిన ఊరది. చీరల దుకాణాల్లోకి వెళ్లేముందు మగ్గం ఉన్న ఇంటికి వెళ్లి, అడిగి చూడండి. నూలు పోగులను కట్టలుగా బిగించి, అక్కడక్కడా రబ్బరు పట్టీలు చుట్టి రంగులో ముంచుతారు. చుట్టిన చోట రంగు అంటదు. అవి విప్పి, మరోచోట చుట్టి, మరో రంగు. మగ్గం ఎక్కకముందే పువ్వూ ఏనుగూ దారంలోనే ఉంటాయన్నమాట! మా అమ్మాయి ఆ పట్టీలు విప్పుతుంటే చూస్తూ అక్కడి నుంచి కదలనంది.

తిరుగు దారిలో హయత్‌నగర్‌లో తప్పకుండా ఆగండి. రోజూ ఆ పక్క నుంచే వెళ్లేవాళ్లలో చాలామంది హయత్ బక్షీ బేగం మసీదును చూసి ఉండరు, నాకు బాధ కలిగించే విషయమిది. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు సరుకు వెళ్లిన కాలంలో బాటసారులు బస చేసిన సరాయి కూడా అక్కడే ఉంది. విశాలమైన ఆవరణ, చుట్టూ వరుసగా కమాను గదులు, దగ్గర్లోనే హాథీ బావ్లీ అనే పెద్ద బావి. నమాజు వేళ కాకుండా వెళ్లి, కాసేపు ఆ గదుల నీడన కూర్చోండి. నేటి 65వ జాతీయ రహదారి కూడా మచిలీపట్నానికే వెళుతుందని పిల్లలకు చెప్పండి.

రామోజీ ఫిల్మ్ సిటీని ఇందులో కలపకండి. దానికే రోజంతా పడుతుంది, పెద్దవాళ్లు అలసిపోతారు. ఆటోనగర్ దగ్గరి మహావీర్ హరిణ వనస్థలికి వేరే రోజు పొద్దున్నే వెళ్లండి. ఎండెక్కితే కృష్ణజింకలు పొదల నీడకు చేరిపోతాయి.

సాయంత్రం నాలుగు దాటితే నగరంలోకి వచ్చే వాహనాలు పెరుగుతాయి. మీ ఇల్లు గచ్చిబౌలి వైపైతే పెద్ద అంబర్‌పేట దగ్గరే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేయండి. అప్పుడు హయత్‌నగర్ ఆ పూటకు మానుకోవాలి, దాన్ని హరిణ వనస్థలి చూసే రోజున పెట్టుకోండి.