జియోలైట్లు వెతకబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

స్ఫటిక చట్రంలో నీటిని దాచుకునే ఖనిజాలైన జియోలైట్ల మీద పరిశోధనకు పూనుకున్నావనీ, నమూనాల కోసం అగ్నిపర్వత బూడిద పొరలున్న కొండలకు వెళ్లబోతున్నావనీ మీ అమ్మ చెప్పగా విని ఎంత గర్వపడ్డానో అంత కలవరపడ్డాను. సుత్తి, భూతద్దం, సంచి మీద స్థలం, తేదీ రాసుకోవడం నీకు చెప్పనక్కరలేదు.

నేను తిరిగినవన్నీ దక్కన్ బసాల్టు రాళ్లు. లావాలో వాయుబుడగలు వదిలిన గుల్లల్లోకి వేడినీరు చేరి, రాతినుంచి కరిగించుకున్న పదార్థాలతో స్టిల్‌బైట్‌, హ్యూలాండైట్‌ అనే జియోలైట్ల స్ఫటికాలను పెంచింది. లోమోంటైట్ అనే జియోలైట్ దొరికితే పొడిగాలి తగలనీయకు. చట్రంలోని నీరు కొంత పోయి సుద్దలా రాలిపోతుంది. 1756లో స్వీడన్ ఖనిజ శాస్త్రవేత్త క్రోన్‌స్టెట్ వేడిచేసిన రాయి నురగలెత్తింది కూడా ఆ నీటివల్లనే. చాలా జియోలైట్లలో నీరు పోయినా సిలికా, అల్యూమినాల చట్రం నిలుస్తుంది. దాని సందుల్లోని సోడియం, కాల్షియం అయాన్లు ఇతర అయాన్లకు చోటిస్తాయి కనుకనే క్లినోప్టిలోలైట్ అనే జియోలైట్ నీటిలోని అమ్మోనియంను, సీజియంను పట్టి ఉంచగలుగుతుంది.

నీవు వెళ్లే పొరలు వేరు. గాజులాంటి బూడిద క్షారజలంతో చర్య జరిపి జియోలైట్‌గా మారిన చోట సన్నని పోగుల్లా ఉండే ఎరియోనైట్ అనే జియోలైట్ కూడా ఉండవచ్చు, నా భయమంతా దాని గురించే. తుర్కియేలోని కపడోకియాలో కరైన్, తుజ్‌కోయ్ వంటి గ్రామాల వారు తరతరాలుగా ఎరియోనైట్ ఉన్న రాతినే తొలిచి, దానితోనే ఇళ్లు కట్టి, దాని ధూళినే పీల్చారు. ఊపిరితిత్తుల పొరకు వచ్చే మెసోథీలియోమా అనే క్యాన్సర్ అక్కడ అసాధారణంగా ఎక్కువగా ఉందని 1970ల చివరలో వైద్యులు ప్రకటించేదాకా ఆ రాయిని ఎవరూ శంకించలేదు. అమెరికాలోని ఉత్తర డకోటాలోనైతే ఎరియోనైట్ ఉన్న కంకరను రోడ్ల మీద పరిచారు! ఆ సన్నని పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు దశాబ్దాల తర్వాత గానీ బయటపడదు. అప్పుడు ఏ మందూ వెనక్కి తీసుకుపోలేదు.

కాబట్టి రాతిని నీళ్లతో తడపకుండా కొట్టకు. గుడ్డ ముసుగు చాలదు. సూక్ష్మధూళిని ఆపే, ముఖానికి బిగుతుగా అతికే మాస్కు పెట్టుకో. తోటివారు నవ్వినా తీయకు, నీకంటే వారి నవ్వు ఎక్కువ కాదు. చిన్నప్పుడు ప్రతి గులకరాయినీ నాలుకతో తడిపి రంగు చూసి మురిసేదానివి, నేనూ నవ్వుతూ చూసేవాణ్ణి. ఆ అలవాటు ఇంకా ఉంటే ఈరోజే మానుకో తల్లీ. నమూనాను తడిగానే మూసి, ఎక్స్‌కిరణ వివర్తనంతో పాటు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలోనూ చూపించు. ఆ ఫలితం వచ్చేవరకు దేనినీ పొడిచేయవద్దు, వచ్చిన వెంటనే నాకు ఉత్తరం రాయి.

మామయ్య