విమానం రద్దు చేసింది వాళ్లు, గడువు దాటింది నేనట!

ప్రశ్న: లాయర్ గారూ, మాది గుంటూరు బ్రాడీపేట. మిర్చి ఎగుమతి వ్యాపారం. పనిచేసేది నేనూ, ఒక గుమస్తా. సరుకు కొనేవాళ్లను కలవడానికి ఏటా నాలుగైదు సార్లు విదేశాలకు వెళ్తుంటాను. ఒక విదేశీ విమాన సంస్థ ‘ఫాస్ట్ ట్రాక్ ఛాలెంజ్’ పెట్టింది. పేరు నమోదు చేసుకున్న నాటి నుంచి 90 రోజుల్లో వాళ్ల విమానాల్లో 6 సెక్టార్లు (ఒక విమానం ఎక్కి దిగితే ఒక సెక్టారు) తిరిగితే ఏడాది పాటు గోల్డ్ స్టేటస్, అంటే లాంజ్, బోర్డింగ్ క్యూలో ముందు చోటు లాంటివి దొరికే సభ్యత్వం, ఇస్తామన్నారు. నేను 8 తిరిగాను. మూడే లెక్కకు వచ్చాయంటున్నారు. మొదటి ట్రిప్పులో, అంటే జకార్తా వెళ్లినప్పుడు, రెండు సెక్టార్లు వేరే సంస్థ నడిపిన కోడ్‌షేర్ విమానాలు కాబట్టి చెల్లవట. అదే ట్రిప్పు తిరుగు టిక్కెట్టు విజయవాడ ఏజెంటు విడిగా తీశాడు. అందులో నా పేరు, ఇంటిపేరు తారుమారై, హైదరాబాద్ వచ్చిన సెక్టారు ఖాతాలో పడలేదు. రెండో ట్రిప్పు హో చి మిన్ సిటీ. తిరుగు ప్రయాణం 89వ రోజున ఉంటే వాళ్లే రద్దు చేసి 91వ రోజుకు మార్చారు. ఆ రెండు సెక్టార్లూ గడువు దాటాయట! ‘అన్నీ కౌంట్ అవుతాయి సార్’ అని ఏజెంటు వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ ఉంది. ఇప్పుడు అతనే, వేరే సంస్థ గోల్డ్ కార్డు ఫొటో ఒకటి ‘రెడీ’ చేయిస్తాను, దానితో ఇంకో ఎయిర్‌లైన్స్‌లో స్టేటస్ మ్యాచ్ కొట్టేద్దాం అంటున్నాడు. 5 లక్షలకు కేసు వేద్దామనుకుంటున్నాను. వేయొచ్చా?

జవాబు: కేసు సంగతి తర్వాత. ముందు కాగితం తీసుకుని లెక్క వేయండి. మీరు కోపంలో ఆ పని చేసినట్టు లేదు.

వాళ్లు ఒప్పుకున్నవి 3. పేరు తారుమారైనది 1. రద్దు వల్ల జరిగిపోయినవి 2. మొత్తం 6. మీకు కావాల్సింది కూడా ఆరే. అంటే కోడ్‌షేర్ సెక్టార్లు రెండూ వాళ్లకే వదిలేసినా మీ ఛాలెంజ్ పూర్తయినట్టే. అలాంటప్పుడు వాటి గురించి ఎందుకు గొడవ? ‘మా సంస్థ అమ్మి, మా సంస్థే నడిపిన విమానం’ అన్న షరతు ఈ ఛాలెంజ్‌లలో మామూలే. టిక్కెట్టు మీద వీళ్ల నంబరు ఉన్నా, నడిపింది ఇంకొకరని కింద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. ఫిర్యాదులో బలహీనమైన వాదన ఒకటి దూర్చామంటే, అవతలి వకీలు మొదట దాన్నే పట్టుకుని మిగతావి కూడా ఇలాంటివే అంటాడు. ఆ రెండింటినీ కొట్టేయండి.

ఇంకొకటి కూడా చూసుకోండి. టిక్కెట్టు మీద క్లాస్ అనే గడిలో వై, కె, క్యూ లాంటి ఒక్క ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది. మరీ చౌక టిక్కెట్ల అక్షరాలను కొన్ని సంస్థలు స్టేటస్ లెక్కలోకి తీసుకోవు. మీ ఆరు సెక్టార్ల అక్షరాలూ షరతుల్లో ఉన్న జాబితాతో సరిపోతేనే కింద చెప్పినదంతా వర్తిస్తుంది.

పేరు తారుమారు కావడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ అది తేలకపోతే మీ లెక్క 5 దగ్గరే ఆగిపోతుంది. మన తెలుగువాళ్లకిది ఎప్పుడూ ఉన్న బాధే. బడిలో ఇంటిపేరు ముందు రాస్తాం, అది పొడి అక్షరంగా మారుతుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ అనే గడిలోకి వెళ్తుంది. విమానం టిక్కెట్టులో ఇంటిపేరు, గీత, అసలు పేరు వరసలో రావాలి. ఏజెంటు హడావుడిలో గడులు మార్చి కొడతాడు. పాస్‌పోర్టు చూపిస్తే కౌంటర్లో మనిషి సర్దుకుని పంపేస్తాడు. ప్రయాణాలను ఖాతాలో పాయింట్లుగా, అంటే మైళ్లుగా, వేసే కంప్యూటరుకు ఆ ఇంగితం ఉండదు. మా ఇంట్లోనే మా అబ్బాయి మైళ్లు ఇలాగే రెండుసార్లు గాల్లో కలిశాయి.

దీనికి కోర్టు అక్కర్లేదు. ‘మిస్సింగ్ మైల్స్’ క్లెయిమ్ అని ప్రతి సంస్థలోనూ ఒక దారి ఉంటుంది. ఈ-టిక్కెట్టు నంబరు, బోర్డింగ్ పాస్, పాస్‌పోర్టు మొదటి పేజీ జతచేసి ‘ఈ రెండు పేర్లూ నావే’ అని రాయండి. దీనికీ గడువు ఉంటుంది, కాబట్టి ఈ వారంలోనే పంపండి. తప్పు ఏజెంటుదేనని అతని చేత మెయిల్‌లో ఒక వాక్యం రాయించుకోండి. అందుకే అతనితో ఇప్పుడే తగవు పడొద్దంటున్నాను. ‘అన్నీ కౌంట్ అవుతాయి’ అన్న మాట మీద అతని మీదా ఫిర్యాదు చేయొచ్చు. కానీ కోడ్‌షేర్ లేకుండానే మీకు ఆరు వస్తున్నప్పుడు ఆ మాట వల్ల మీకు జరిగిన నష్టం చూపించడం కష్టం. అతను ప్రతివాదిగా కన్నా సాక్షిగానే ఎక్కువ పనికొస్తాడు.

ఇక అసలు కేసు ఆ 89వ రోజుది.

స్టేటస్ అనేది మేం ఉచితంగా ఇచ్చే గౌరవం, ఇవ్వడం ఇవ్వకపోవడం మా ఇష్టం అని సంస్థ అంటుంది. చట్టం అలా చూడదు. భారత కాంట్రాక్టు చట్టం 1872లో సెక్షన్ 8 ప్రకారం, ఒక ప్రతిపాదనలో చెప్పిన షరతులను నెరవేర్చడమే దాన్ని అంగీకరించడం. లా కాలేజీలో మొదటి ఏడాదే మాకు చెప్పే పాత ఇంగ్లిష్ కేసు ఒకటుంది. మా స్మోక్ బాల్ వాడినా జలుబూ ఫ్లూ వస్తే 100 పౌండ్లు ఇస్తామని ఒక కంపెనీ పత్రికలో ప్రకటించింది. కార్లిల్ అనే ఆవిడ చెప్పినట్టే వాడింది, ఫ్లూ వచ్చింది, డబ్బు అడిగింది. అది ఉత్త ప్రకటనే అన్న కంపెనీ వాదనను 1892లో కోర్టు ఒప్పుకోలేదు. మీ 90 రోజులు, 6 సెక్టార్లు కూడా ఆ కోవలోవే.

మీరు షరతు నెరవేర్చలేకపోయింది కూడా వాళ్ల వల్లే. అదే చట్టంలో సెక్షన్ 67 ఉంది. మాట నిలబెట్టుకోవడానికి తగిన సౌకర్యాన్ని ఎదుటి పక్షమే కల్పించకపోతే, ఆ మేరకు నెరవేర్చలేకపోయినందుకు మనకు మాఫీ దొరుకుతుంది. గడువుకు ఒక రోజు ముందు ప్రయాణం ఉండేలా టిక్కెట్టు కొన్నారు, డబ్బు కట్టారు, ఎక్కడానికి సిద్ధంగా ఉన్నారు. విమానం వాళ్ల చేతిలో ఉంది. తాము తీయాల్సిన బండిని తామే ఆపేసి ‘మీరు ఆలస్యంగా వచ్చారు’ అనడం చెల్లదని నా అభిప్రాయం.

కానీ ఎందుకు రద్దు చేశారన్నది కీలకం. వాళ్ల దగ్గర రాతపూర్వకంగా కారణం తీసుకోండి. ప్రయాణికులు తక్కువై రెండు విమానాలను ఒకటి చేశారంటే మీ పని సులువు. తుఫానో, పొగమంచో అయితే కష్టం. 2007 డిసెంబరులో ఢిల్లీ నుంచి హైదరాబాద్ రావాల్సిన ఇండిగో విమానం పొగమంచుతో ఆలస్యమైంది. ఒక ప్రయాణికుడు హైదరాబాద్‌లోని శాశ్వత లోక్ అదాలత్‌కు, అంటే ప్రజోపయోగ సేవల తగవులు తీర్చే వేదికకు, వెళ్లాడు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2011లో ఇచ్చిన తీర్పులో, పొగమంచు వల్ల జరిగిన ఆలస్యానికి సంస్థను బాధ్యురాలిని చేయలేమని కోర్టు చెప్పి పరిహారాన్ని కొట్టేసింది. అదే తీర్పులో మీకు పనికొచ్చే మాటా ఉంది. ‘ఏ వివాదమైనా ఢిల్లీ కోర్టుల్లోనే’ అని టిక్కెట్టు షరతుల్లో రాసుకున్నంత మాత్రాన హైదరాబాద్ లోక్ అదాలత్‌కు అధికారం పోదని కోర్టు తేల్చింది. మీ సంస్థ కూడా షరతుల చివర తమ దేశపు కోర్టుల పేరు రాసుకునే ఉంటుంది. దానికి భయపడొద్దు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే ఫిర్యాదు వేయొచ్చు. గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, అంటే మన జనం ఇప్పటికీ కన్స్యూమర్ ఫోరం అనే చోటే, వేయండి. షరతుల్లో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి దగ్గర తేల్చుకోవడం) అని ఉన్నా అది అడ్డం రాదని సుప్రీంకోర్టు 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో స్పష్టం చేసింది.

అమెరికాలో అయితే మీకు ఇంత వీలుండేది కాదు. ఎక్కువ ఫిర్యాదులు చేస్తున్నాడని ఒక సంస్థ తన ప్లాటినం సభ్యుడిని తీసేస్తే, అతని వాదన అక్కడి సుప్రీంకోర్టులో 2014లో వీగిపోయింది. విమానయానంపై నియంత్రణలు ఎత్తేసిన 1978 చట్టం అడ్డొచ్చింది. ‘గిన్స్‌బర్గ్ కేసు’ అని అవతలి వకీలు తెచ్చి చూపిస్తే కంగారు పడకండి. ఆ చట్టం మనది కాదు.

నాకున్న అసలు టెన్షన్ వేరు. టిక్కెట్ల మీద మీ ఫర్మ్ జీఎస్‌టీ నంబరు వేయించి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకున్నారా? తీసుకునే ఉంటారు, మీ ఆడిటర్ వదలడు. సంస్థ మొదట ఎత్తే అభ్యంతరం అదే: ఇది వ్యాపార ప్రయాణం, ఈయన వినియోగదారుడే కాడు అంటుంది. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) వాణిజ్య అవసరానికి సేవలు పొందినవారిని బయట పెడుతుంది, నిజమే. కానీ స్వయం ఉపాధితో కేవలం బతుకుతెరువు కోసం వస్తువులు కొని వాడుకుంటే అది వాణిజ్యం కిందికి రాదని అందులోనే వివరణ ఉంది. 2019 చట్టంలోని ఆ వివరణలో సేవల మాట లేదు. సేవలకూ అదే సూత్రం వర్తించాలని, ఒక్క గుమస్తాతో నడిచే మీ వ్యాపారం అందులోకి వస్తుందని వాదించి చూడవచ్చు. పైగా వాణిజ్య అవసరమని నిరూపించే భారం సేవ అందించిన వారిదేనని 2024 మేలో శ్రీరామ్ చిట్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఇది కత్తి మీద సామే. యార్డులో కమీషన్ కొట్టు, కోల్డ్ స్టోరేజీలో వాటా లాంటివి కూడా ఉంటే నాకు రాయకుండా వదిలేశారేమో చూసుకోండి. అవన్నీ ఎదుటివాళ్లు తవ్వుతారు. ఆ దారి మూసుకుపోతే శాశ్వత లోక్ అదాలత్ ఉంది. విమాన ప్రయాణం ప్రజోపయోగ సేవల్లో ఒకటి కాబట్టి అక్కడ వినియోగదారుడా కాదా అన్న ప్రశ్నే రాదు.

5 లక్షలు అడగొద్దు. లాంజ్‌లో కాఫీ, ఇడ్లీ దొరకలేదని, బోర్డింగ్ క్యూలో ముందు నిలబడలేకపోయానని 5 లక్షలంటే కమిషన్ మీ నిజాయితీనే అనుమానిస్తుంది. మొదటి కోరిక స్టేటస్ ఇప్పించమని ఉండాలి. కుదరకపోతే, ఈ ఛాలెంజ్ కోసమే మీరు అదనంగా పెట్టిన ఖర్చు. రెండో ట్రిప్పుకు వేరే సంస్థలో టిక్కెట్టు తక్కువకే దొరుకుతున్నా వీళ్లది కొన్నారా? ఆ తేడా ఎంత? ఆ రోజు చూసిన ధరల స్క్రీన్‌షాట్ ఉందా? ఛాలెంజ్‌లో చేరడానికి రుసుము కట్టారా? ఈ అంకెల మీద నిలబడండి. ఆ పైన మానసిక వేదనకు, ఖర్చులకు కొంత అడగండి. మీరు చెల్లించిన టిక్కెట్ల మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు.

దానికి ముందు సంస్థ ఫిర్యాదుల అధికారికి పేజీ దాటని మెయిల్ ఒకటి పంపండి. లెక్క 3, 1, 2 అని పైన రాసినట్టే పెట్టండి. తర్వాత పౌర విమానయాన శాఖ ఎయిర్‌సేవాలో, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయండి. చాలాసార్లు ఇక్కడే తేలిపోతుంది. ఒక కార్డు ఇచ్చి వదిలించుకోవడం వాళ్లకూ చౌకే. తేలకపోతే సంస్థ భారత కార్యాలయానికి 15 రోజుల గడువుతో నోటీసు. ఫిర్యాదుకు చట్టం ఇచ్చేది రెండేళ్లు, కానీ అంతదాకా ఆగితే ఇవ్వాల్సిన గోల్డ్ ఏడాదే గడిచిపోయి, మొదటి కోరికకు అర్థం ఉండదు.

ఆ ఫొటో ‘రెడీ’ చేయించడం మాత్రం మాటల్లో కూడా వద్దు. స్టేటస్ మ్యాచ్ అంటే ఒక సంస్థలో నిజంగా ఉన్న కార్డు చూసి ఇంకో సంస్థ ఇచ్చేది. లేని కార్డు తయారుచేసి పంపితే భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్ల కింద ఫోర్జరీ, ఫోర్జరీ పత్రాన్ని అసలైనదిగా వాడటం, 318 కింద మోసం. అది ఎలక్ట్రానిక్ రికార్డైనా అంతే. పైగా ఈ కేసు నడుస్తుండగా అది బయటపడితే, నిజంగా ఎక్కిన ఆరు సెక్టార్లను కూడా ఎవరూ నమ్మరు. ఏజెంటుకు ‘వద్దు’ అని వాట్సాప్‌లోనే రాసి పెట్టండి. ఆ మెసేజ్ మీకు రక్ష.

చివరగా, ఛాలెంజ్ షరతుల పేజీని నమోదు రోజు తేదీతో సేవ్ చేసి ఉంటే వెతికి పట్టుకోండి. రద్దు మెసేజ్, కొత్త టిక్కెట్టు, ఏజెంటు వాట్సాప్ అన్నీ ఫోన్‌లో అలాగే ఉంచండి. ఫోన్ మార్చొద్దు. వాటికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన ధ్రువపత్రం జతచేద్దాం. బోర్డింగ్ పాస్‌లు ఎయిర్‌పోర్టు కౌంటర్ల దగ్గర ఇచ్చే నున్నటి థర్మల్ కాగితాలైతే వాటి మీద అచ్చు కొన్ని నెలల్లోనే వెలిసిపోతుంది. గుంటూరు ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద పడేస్తే ఇంకా ముందే. ఈ సాయంత్రమే వాటిని వెతికి, రెండు వైపులా జిరాక్స్ తీయించండి.