గీతలన్నీ హార్మోనిక్‌లు కావురా

చిరంజీవి మేనల్లుడికి, పర్లాకిమిడి నుంచి మావయ్య ఆశీస్సులు.

రాయగడ నుంచి నువ్వు పంపిన ఫొటో చూశాను. అడిగిన ఫ్రీక్వెన్సీ పుట్టించే నీ ఎస్‌ఐ5351 సింథసైజర్ మాడ్యూల్‌లో 7.1 మెగాహెర్ట్జ్ పెడితే, ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో గీతలుగా చూపే టైనీఎస్‌ఏ మీటరు తెర నిండా గీతలు లేచాయని, మాడ్యూల్ నకిలీదేమోనని కంగారు పడ్డావు. నకిలీ కాదు. ఎస్‌ఐ5351 ఇచ్చేదే స్క్వేర్ వేవ్. అందులో అసలు ఫ్రీక్వెన్సీకి రెట్ల దగ్గర హార్మోనిక్‌లు పుడతాయి. మూడో హార్మోనిక్ అసలు సిగ్నల్‌కి 9.5 డెసిబెల్స్ మాత్రమే కింద ఉంటుంది, ఐదోది 14. నీ ఫొటోలో 21.3 దగ్గరి గీత లెక్కకి సరిపోయింది. సరి సంఖ్యల దగ్గర కూడా చిన్నచిన్నవి కనిపిస్తున్నాయంటే డ్యూటీ సైకిల్, అంటే తరంగం పైన ఉండే సమయం, కచ్చితంగా సగం లేదన్నమాట. డ్రైవ్ 8 మిల్లీఆంప్స్ నుంచి 2కి దించానన్నావు, దానివల్ల ఒరిగేదేమీ లేదు. అసలుతో పాటు అన్నీ దిగుతాయి.

అప్పుడే ఫిల్టర్ కోసం టొరాయిడ్లు (ఉంగరం కోర్ల మీది కాయిల్స్) చుట్టడానికి కూర్చోకు. ముందు ఏ గీత ఎక్కడ పుట్టిందో తేల్చు. మీటరు ముందు సిగ్నల్‌ని 10 డెసిబెల్స్ తగ్గించే అటెన్యుయేటర్ పెట్టు. నిజమైన హార్మోనిక్ అయితే అసలుతో సమానంగా 10 తగ్గుతుంది. రెండోది 20, మూడోది 30 పడిపోతే అవి మీటరు లోపలే పుట్టాయి. చవక యూఎస్‌బీ రిసీవర్ ఆర్‌టీఎల్ డాంగిల్‌తో కొలిచేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే.

తర్వాత ఫ్రీక్వెన్సీని 10 కిలోహెర్ట్జ్ పైకి జరిపి చూడు. మూడో హార్మోనిక్ 30 జరుగుతుంది. పీఎల్ఎల్ రిఫరెన్స్ స్పర్ (చిప్పు లోపలి లూపు నుంచి వచ్చే చిల్లర గీత) అయితే అసలు పక్కనే అదే ఎడంతో కదులుతుంది. క్లాక్ నుంచి అంకెలతో సిగ్నల్ తయారుచేసే, నీ దగ్గరున్న ఏడీ9850 బోర్డుతో అయితే ఇంకో తమాషా చూస్తావు. 125 మెగాహెర్ట్జ్ క్లాక్‌తో 30 అడిగితే, 125లోంచి 30 పోగా 95లో ఇమేజ్ (దొంగ ప్రతిబింబం) వస్తుంది. నువ్వు పైకి జరిపితే అది కిందికి దిగుతుంది. దానికన్నా చెడ్డది మూడో హార్మోనిక్. 90లో ఉండాల్సింది మడత పడి, 125లోంచి 90 పోగా 35 దగ్గర కూడా తేలుతుంది. 30ని ఉంచి 35ని కోసే లోపాస్ (పై ఫ్రీక్వెన్సీలని ఆపే ఫిల్టర్) చుట్టడం మన ఇంట్లో అయ్యే పని కాదు. అక్కడ ఫిల్టర్ కన్నా క్లాకో ఫ్రీక్వెన్సీ ప్లానో మార్చుకోవడమే దారి.

ఇక ఈ ఔట్‌పుట్ ఎక్కడికి పోతుందో నువ్వు రాయనేలేదు. రిసీవర్‌లో స్విచింగ్ మిక్సర్‌కి (ఈ సిగ్నల్‌తో స్విచ్‌లా తెరుచుకుని మూసుకుంటూ ఫ్రీక్వెన్సీ మార్చేది) అయితే ఫిల్టర్ వద్దు, దానికి నిటారు అంచులే కావాలి. కావలసిన బ్యాండునే వదిలే బ్యాండ్‌పాస్ ఫిల్టర్ మాత్రం యాంటెనా వైపు పెట్టు. లేకపోతే 21లో మాట్లాడేవాళ్లు నీ 7లో వినిపిస్తారు.

ట్రాన్స్‌మిటర్‌కైతే ఫిల్టర్ ఉండాల్సింది పీఏ (పవర్ యాంప్లిఫయర్) తర్వాత. సింథసైజర్ పక్కన ముచ్చటైన ఫిల్టర్ కట్టి, పీఏ నుంచి యాంటెనాకి సూటిగా వైరు లాగేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పీఏ తన హార్మోనిక్‌లు తాను పుట్టిస్తుంది కదా! యాంటెనా ఆపుతుందనుకోకు, 7 మెగాహెర్ట్జ్ డైపోల్ 21లోనూ చక్కగా పలుకుతుంది. పదమూడో హార్మోనిక్ 92.3, పక్కింటి ఎఫ్ఎం రేడియోలో పడుతుంది.

ఏడు భాగాల లోపాస్ కట్టు. టీ50-2 ఎర్ర కోర్ మీద 17 చుట్లకి దాదాపు 1.4 మైక్రోహెన్రీలు వస్తాయి. కెపాసిటర్లు వేడికి విలువ మారని ఎన్‌పీ0 రకమే తీసుకో. పాత టీవీ బోర్డుల నుంచి పీకిన గోధుమరంగు బిళ్లలు వాడితే వేడెక్కి విలువ మారుతుంది. ఫిల్టర్‌లోకి వచ్చే వైరు, బయటికి పోయే వైరు ఎదురెదురు చివర్లలో ఉండాలి. 21 అణిగిపోయి 92 మాత్రం అలాగే నిలబడిందంటే అది ఫిల్టర్ లోంచి రావడం లేదు, పైనుంచి దూకుతోంది. కాయిల్స్ మార్చుకుంటూ కూర్చోకుండా ఓ రేకు డబ్బాలో పెట్టి, మూతని కూడా గ్రౌండ్ చెయ్యి. అసలుకి 50 డెసిబెల్స్ కిందికి చేరేదాకా నేను ఒప్పుకోను.

డబ్ల్యూపీసీ (కేంద్ర టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగం) ఇచ్చే హామ్ లైసెన్సు చేతికొచ్చేదాకా, యాంటెనా బదులు డమ్మీ లోడ్ అనే రెసిస్టర్ మీదే పరీక్షించు. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మన గజపతి జిల్లా ఎంత అల్లాడిందో నీకు తెలుసు, మళ్లీ అలాంటిది వస్తే నీ సెట్టు పనికొస్తుందని ఆశ పడుతున్నావు. మంచిదే, లైసెన్సు పరీక్ష రాయి.

అటెన్యుయేటర్‌తో ఒకటి, లేకుండా ఒకటి ఫొటోలు తీసి పంపు. ఏ పిన్ను నుంచి తీశావో కూడా రాయి. అక్కని అడిగినట్టు చెప్పు.

మీ మావయ్య