పెరట్లో జెర్రిపోతు

ప్రశ్న: మా పెరట్లో కట్టెల మోపు దగ్గర ఆరడుగుల పాము తిరుగుతోంది. జెర్రిపోతు అంటున్నారు. అది నాగుపాముతో జతకడుతుందని, చంపించేయమని మా అత్తగారి గొడవ. చిన్నపిల్లలున్నారు, టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, తణుకు

జవాబు: చంపించకండమ్మా. జెర్రిపోతుకు విషం లేదు, మీ పెరట్లో ఎలుకల్ని తినడానికే వస్తోంది, ఆ ఎలుకలే లేకపోతే అదీ అంతగా రాదు. నాగుపాముతో జత అన్నది నిజం కాదు. రెండు పాములు పెనవేసుకుని పైకి లేవడం చూసి మనవాళ్లు అలా అనుకుంటారు గానీ, చాలాసార్లు అవి బలం చూసుకుంటున్న రెండు మగ జెర్రిపోతులే. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని చంపడం నేరం కూడా.

కాకపోతే దూరం నుంచి చూస్తే నాగుపాముకీ దీనికీ తేడా తెలియక చాలామంది పొరబడతారు, పడగ విప్పకపోతే మరీ కష్టం, అందుకే అనుమానం ఉంటే దగ్గరకు పోకుండా అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేయండి. కట్టెల మోపు ఇంటి గోడకు దూరంగా జరపండి. కోళ్లకు వేసిన గింజలు రాత్రి మిగలనివ్వకండి, రాత్రిపూట టార్చి లేకుండా పెరట్లోకి వెళ్లకండి. ఏ పాము కరిచినా మంత్రాలు, పసర్లు అంటూ ఆగకుండా నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి, ఇది అత్తగారికి కూడా చెప్పండి.