దిగుబడి 75 శాతమైతే ఎంత తూచాలి?

ప్రశ్న: 10 గ్రాముల ఆస్పిరిన్ కావాలి, దిగుబడి 75 శాతం, శాలిసిలిక్ ఆమ్లం ఎంత తీసుకోవాలి అని లెక్క ఇచ్చారు. 7.67 గ్రాములని కట్టి, 0.75తో గుణించి 5.75 అని రాశాను. తప్పన్నారు. నా స్నేహితురాలు 7.67కి ఇంకో 25 శాతం కలిపింది. ఆమెదీ తప్పేనట. ఎందుకని?
– బి.యస్సీ. విద్యార్థిని, తిరుపతి

జవాబు: 7.67 దాకా మీ లెక్కలో వంక పెట్టేందుకు ఏమీ లేదు. కానీ అది దిగుబడి నూటికి నూరు వస్తే సరిపోయే బరువు. కొంత పోతుందని తెలిసినప్పుడు ఎక్కువ వెయ్యాలి గానీ తక్కువ కాదు. జవాబు 7.67 కంటే కిందికి దిగిందంటే అక్కడే అనుమానం రావాలి. వంద కిలోల వడ్లు ఆడిస్తే 67 కిలోల బియ్యం వచ్చే మిల్లుకి, 67 కిలోల బియ్యం కావాలని 45 కిలోల వడ్లు ఎవరూ మోసుకెళ్ళరు కదా!

మీ స్నేహితురాలి తప్పు చూడ్డానికి ఒప్పులాగే ఉంటుంది, అందుకే ఎక్కువమంది అందులో పడతారు. 25 శాతం కలిపితే 9.58 గ్రాములు. అంత ఆమ్లం నుంచి పూర్తిగా వస్తే 12.5 గ్రాముల ఆస్పిరిన్, అందులో 75 శాతమంటే 9.38 గ్రాములే. పదికి చేరలేదు. పోయే 25 శాతం సైద్ధాంతిక దిగుబడిలో (అంటే నూటికి నూరు వస్తే రావాల్సిన బరువులో) భాగం, చేతికొచ్చిన సరుకులో కాదు. చేతికొచ్చిన పది గ్రాముల మీద లెక్కిస్తే పోయింది మూడో వంతు.

కాబట్టి భాగించాలి. 10ని 0.75తో భాగిస్తే 13.33 గ్రాములు, ఇది సైద్ధాంతిక దిగుబడి. ఆస్పిరిన్ అణుభారం 180.16తో భాగిస్తే 0.0740 మోల్ (అణుభారమెంతో అన్ని గ్రాములు ఒక మోల్). ఒక మోల్ శాలిసిలిక్ ఆమ్లానికి ఒక మోల్ ఆస్పిరిన్ వస్తుంది గనక ఆమ్లం కూడా అంతే. 138.12తో గుణిస్తే 10.22 గ్రాములు. సీసా మీద 98 శాతం శుద్ధత అని ఉంటే 0.98తో మరోసారి భాగించి 10.43 గ్రాములు తూచండి.

ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ సంగతి వేరు. శాలిసిలిక్ ఆమ్లంతో కలిసి ఆస్పిరిన్ ఇచ్చే రెండో పదార్థం అది. సమీకరణం ప్రకారం 0.0740 మోల్ చాలు, అంటే 7.55 గ్రాములు, సుమారు 7 మిల్లీలీటర్లు. ల్యాబ్‌లో మాత్రం 2 గ్రాముల ఆమ్లానికి 5 మిల్లీలీటర్ల చొప్పున పోస్తారు. మీ లెక్కన 25 మిల్లీలీటర్లు. ద్రావణి పని కూడా అదే చేస్తుంది. దిగుబడి శాతం కట్టేది ముందు అయిపోయే పదార్థం మీద, అంటే లిమిటింగ్ రియేజెంట్ మీద. ఇక్కడ అది శాలిసిలిక్ ఆమ్లం. ఎన్‌హైడ్రైడ్‌ని మళ్ళీ 0.75తో భాగించనక్కర్లేదు.

కాగితం మీద సరే, బల్ల మీద 75 రాకపోతే? మొదట ఫ్లాస్కు చూడండి. అందులో తడి ఉంటే ఎన్‌హైడ్రైడ్ కొంత నీళ్ళతో కలిసి ఎసిటిక్ ఆమ్లమైపోతుంది. తర్వాత వడపోత. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళలో సుమారు 3 గ్రాముల ఆస్పిరిన్ కరుగుతుంది. కుళాయి నీళ్ళు 200 మిల్లీలీటర్లు పోసి కడిగితే అర గ్రాముకు పైగా సింకు పాలు. ఐసులో పెట్టిన నీళ్ళతో, కొంచెం కొంచెంగా కడగాలి. దిగుబడి 105 శాతం వచ్చిందని సంబరపడేవాళ్ళూ ఉంటారు. అది చాలాసార్లు తడి బరువు. నవంబరు ముసురులో తిరుపతి గాలికి ఫిల్టరు కాగితం మీద స్ఫటికాలు ఓ పట్టాన ఆరవు. రెండుసార్లు తూచినా బరువు మారనప్పుడే దాన్ని రాయండి. చిటికెడు ఆల్కహాల్లో కరిగించి ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేస్తే ఊదా రంగు వచ్చిందా? శాలిసిలిక్ ఆమ్లం ఇంకా మిగిలే ఉంది. ఆ బరువును ఆస్పిరిన్ ఖాతాలో వెయ్యకూడదు.

ప్రశ్న: ఎనిలిన్ నుంచి ఎసిటానిలైడ్, దాన్నుంచి పారా నైట్రోఎసిటానిలైడ్, చివరికి పారా నైట్రోఎనిలిన్. దిగుబడులు వరసగా 80, 70, 90 శాతం. 5 గ్రాములు కావాలంటే సగటు 80 శాతం పెట్టి 4.2 గ్రాముల ఎనిలిన్ అన్నాను. సరైనదేనా?
– చిత్తూరు పాఠకుడు

జవాబు: కాదు. సగటు తీయకూడదు, గుణించాలి. 0.80 × 0.70 × 0.90 = 0.504. మూడు మెట్లు దిగేసరికి సగమే మిగిలింది. 5 గ్రాముల పారా నైట్రోఎనిలిన్ అంటే 0.0362 మోల్; 0.504తో భాగిస్తే 0.0718, ఎనిలిన్ అణుభారం 93.13తో గుణిస్తే 6.69 గ్రాములు. మీ 4.2 గ్రాములతో మొదలుపెడితే చివరికి మిగిలేది 3.1 గ్రాముల చిల్లర.

మోల్ దగ్గరే భాగించండి, బరువు దగ్గర వద్దు. ప్రతి మెట్టులో అణుభారం మారుతుంది గనక మధ్యలో గ్రాములు పట్టుకుంటే తికమక పడతారు. (ఈ వరసలో రెండు అణుభారాలు పైన ఆస్పిరిన్ లెక్కలోవాటికి దాదాపు సమానం: 180.16, 138.12. కాకతాళీయమే, పాత జవాబు కాపీ కొట్టామనుకోకండి.) ఇక మూడింటిలో బలహీనమైన మెట్టు రెండోది, నైట్రో గుంపును చేర్చే నైట్రేషన్. కొంత ఆర్థో రూపం (నైట్రో గుంపు పక్క స్థానంలో చేరినది) తప్పదు, దాన్ని ఆల్కహాల్‌తో తీసేసేటప్పుడు పారా కూడా కొంత పోతుంది. ఐసు మీదే ఉంచి, నైట్రేటింగ్ మిశ్రమాన్ని చుక్కచుక్కగా వెయ్యండి. 70ని 75 చేసుకోగలిగితే ఎనిలిన్ 6.2 గ్రాములకు దిగుతుంది.

ప్రశ్న: టన్ను కాల్చిన సున్నానికి ఎంత సున్నపురాయి? రాయి 92 శాతం శుద్ధం, బట్టీ దిగుబడి 90 శాతం.
– పలమనేరు పాఠకుడు

జవాబు: సున్నపురాయిలోని కాల్షియం కార్బొనేట్ అణుభారం 100.09, కాల్చిన సున్నం అంటే కాల్షియం ఆక్సైడ్, దానిది 56.08. టన్నుకు 1,785 కిలోలు. 0.90తో భాగిస్తే 1,983, 0.92తో భాగిస్తే 2,155 కిలోల రాయి. ఇది టన్ను కాల్షియం ఆక్సైడ్‌కి. రాయిలోని 8 శాతం మలినాల్లో కాలిపోనిది సున్నంలోనే ఉండిపోతుంది. కాటా మీద బరువు చూసి దిగుబడి ఎక్కువొచ్చిందని లెక్కెయ్యకండి.