ఇంటిదొంగ బొమ్మ గీసేముందు

చి. సౌమ్యకి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు గీసి పంపిన కామిక్ పన్నెండు పేజీలూ ప్రింట్ తీయించి, డైనింగ్ టేబుల్ మీద పరిచి రెండు రోజులు చూశాను. కంచాలు ఎక్కడ పెట్టాలని మీ అత్తయ్య ఒకటే గొడవ. నాకేమో బొమ్మ కాగితం మీద ఉంటే తప్ప మంచీ చెడూ తెలియదు.

నాలుగో పేజీ చాలా బాగుంది. పొగమంచులో సగం కనిపించని క్రేన్లు, కింద చీమల బారులా కూలీలు, ఒక్క మాట లేదు. దాన్ని ఇంక ముట్టుకోకు.

గొడవంతా రెండో పేజీతోనే. 1942, న్యూయార్క్ రేవు, ఐదుగురు సూపర్‌హీరోల జట్టు, ఓడలు పేల్చడానికి వచ్చిన జర్మన్ విద్రోహులు. ఇంతవరకూ సరే. కానీ ఆ విద్రోహుల నాయకుడికి గుండు, చెంప మీద కత్తిగాటు, ఒంటికంటి అద్దం పెట్టావు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నీ దొంగని మూడో తరగతి పిల్లాడు పట్టేస్తాడు. అలాంటి మొహాన్ని రేవు గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి రానిస్తాడా?

ఆ కాలం కామిక్స్‌లో అలాగే ఉండేవాళ్లు కదా మామయ్యా అంటావు. ఉండేవాళ్లు. ఎందుకలా ఉండేవాళ్లో తెలిశాక అలా గీస్తే నాకేం అభ్యంతరం లేదు. తెలియకుండా గీస్తే అది కాపీ.

అసలు ఆ కథల్లో విద్రోహులే ఎందుకు ఉంటారు? తేదీలు చూడు. కెప్టెన్ అమెరికా మొదటి సంచిక మీద మార్చి 1941 అని ఉన్నా, అంగళ్లలోకి వచ్చింది 1940 డిసెంబర్‌లో. కవర్ మీద హిట్లర్ దవడ మీద గుద్దు. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగింది ఆ తర్వాత ఏడాదికి, 1941 డిసెంబర్ 7న. అంటే అప్పటికి అమెరికా యుద్ధంలోనే లేదు, హీరోని ఏ సరిహద్దుకీ పంపడానికి వీల్లేదు. హీరో అక్కడికి వెళ్లలేడు కాబట్టి శత్రువే ఇక్కడికి రావాలి. ఫ్యాక్టరీలోకో, రేవులోకో, చివరికి ప్రయోగశాలలోకో. కెప్టెన్ అమెరికాని తయారుచేసిన శాస్త్రవేత్తని కాల్చి చంపేది కూడా లోపలికి దూరిన ఒక గూఢచారే. ఆ పుస్తకం చేసిన జో సైమన్, జాక్ కిర్బీ ఇద్దరూ యూదులు. ఆ గుద్దులో వాళ్ల సొంత కోపం ఉంది. ఆ కవర్ చూసి బెదిరింపులు వస్తే న్యూయార్క్ మేయర్ లాగార్డియా స్వయంగా ఫోన్ చేసి మీకేం కాకుండా చూస్తామన్నాడని సైమన్ తర్వాత చెప్పుకున్నాడు.

ఆ భయం పూర్తిగా కల్పితం కూడా కాదు. నేను జెర్సీ సిటీలో మీ వదిన దగ్గర ఉన్న రెండేళ్లూ సాయంత్రాలు లిబర్టీ స్టేట్ పార్కులో నడిచేవాణ్ణి. నీటికి అవతల స్వేచ్ఛా దేవత విగ్రహం, ఇవతల పిల్లల్ని ఆడించుకునే మన తెలుగువాళ్లు. అక్కడొక ఫలకం ఉంది, ఎవరూ ఆగి చదవరు. ఒకప్పుడు అది బ్లాక్ టామ్ అనే రేవు. 1916 జూలై 30 అర్ధరాత్రి దాటాక అక్కడ నిలవున్న మందుగుండు పేలింది. మన్‌హటన్‌లో కిటికీ అద్దాలు రాలిపోయాయి. విగ్రహం చేతిలో కాగడా దాకా ఎక్కనివ్వడం ఆ రోజు నుంచే మానేశారు, ఇప్పటికీ ఎక్కనివ్వరు. అది జర్మన్ ఏజెంట్ల పనేనని విచారణ సంఘం తేల్చేసరికి 1939 వచ్చింది. కిర్బీ పుట్టింది ఆ పేలుడు జరిగిన మరుసటి ఏడాది, నీళ్లకి అవతల ఒడ్డున మన్‌హటన్‌లో. విద్రోహి అనేవాడు వాళ్లకి పుస్తకంలో చదివిన మాట కాదు.

తర్వాత అమెరికా యుద్ధంలోకి దిగింది. రచయితలకి కొత్త తలనొప్పి. సూపర్‌మ్యాన్‌ని యూరప్ పంపితే సాయంత్రానికల్లా యుద్ధం అయిపోవాలి. చదివే పిల్లాడి అన్నయ్య మాత్రం నిజంగానే అక్కడ ఉన్నాడు. ఎలా? దినపత్రికలో వచ్చే సూపర్‌మ్యాన్ స్ట్రిప్‌లో తమాషా పని చేశారు. క్లార్క్ కెంట్, అంటే మామూలు మనిషి వేషంలో ఉన్న సూపర్‌మ్యాన్, సైన్యంలో చేరడానికి వెళ్తాడు. కంటి పరీక్షలో పొరపాటున చూపు గోడ దాటిపోయి పక్క గదిలో ఉన్న చార్టు చదివేస్తాడు. పనికిరావు పొమ్మంటారు. హాయిగా నవ్వుకోవచ్చు, సమస్యా తీరింది. మరి నీ జట్టులో ఒకడు ఓడనే ఎత్తేస్తాడు కదా, వాడు న్యూయార్క్‌లో ఎందుకు కూర్చున్నాడు? పన్నెండు పేజీల్లో నాకు జవాబు దొరకలేదు. ఒక్క గడిలో చెప్పినా చాలు, కానీ చెప్పి తీరాలి.

జట్టు సంగతికొద్దాం. నీ ఐదుగురూ ప్రతి గడిలో కలిసే ఉన్నారు, గ్రూప్ ఫొటోలా. సూపర్‌హీరోల మొట్టమొదటి జట్టు జస్టిస్ సొసైటీ, 1940 చలికాలంలో ఆల్ స్టార్ కామిక్స్ మూడో సంచికలో వచ్చింది. ఆ సంచికలో వాళ్లు బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక కథ చెప్పుకుంటారు, అంతే. నాలుగో సంచికలో అమెరికా నేర పరిశోధన సంస్థ ఎఫ్‌బీఐ ఈ హీరోలని వాషింగ్టన్ పిలిపించి, దేశంలోని విద్రోహుల మీదికి ఒక్కొక్కరిని ఒక్కో చోటికి పంపుతుంది. ఎవరి అధ్యాయం వాళ్లది, చివర్లో అందరూ ఒకచోట చేరతారు. పిలుపు, చీలిక, కలయిక. ఎన్నో ఏళ్లు అదే పద్ధతి నడిచింది. అదేదో గొప్ప కళాసూత్రం అనుకోకు. ఒక్కో హీరో వేరే వేరే పుస్తకం నుంచి వచ్చినవాడు, అతని అధ్యాయం మామూలుగా అతని బొమ్మలు వేసే ఆర్టిస్టే వేసేవాడు. పని పంచుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటు. కానీ విద్రోహుల కథకి అది అచ్చంగా సరిపోయింది, ఎందుకంటే కుట్ర కూడా ముక్కలుగానే ఉంటుంది. నువ్వూ ఐదో పేజీ నుంచి వాళ్లని విడదియ్యి. ఒకణ్ణి రేవు క్యాంటీన్‌లో పెట్టు. ఆ ఎగిరే అమ్మాయిని రెండు పేజీల పాటు ఎగరనివ్వకు. నడవనీ.

ఇప్పుడు ఆ గుండు మనిషి. నిజం విద్రోహులు ఎలా ఉన్నారో చెప్తాను, ఇదే నీకు అన్నిటికంటే పనికొస్తుంది. 1942 జూన్‌లో ఎనిమిది మంది జర్మన్ జలాంతర్గాముల్లో వచ్చి దిగారు. నలుగురు న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో, నలుగురు ఫ్లోరిడాలో. అల్యూమినియం ఫ్యాక్టరీలు, నయాగరా జలవిద్యుత్ కేంద్రం, రైలు మార్గాలు పేల్చాలని పథకం. అందరూ అంతకుముందు అమెరికాలో బతికినవాళ్లే, ఇంగ్లీషు వచ్చినవాళ్లే. గాట్లు లేవు, కంటద్దాలు లేవు. లాంగ్ ఐలాండ్ ఇసుకలో దిగగానే, చేతిలో ఆయుధం లేని ఒక కోస్ట్‌గార్డ్ కుర్రాడు, జాన్ కలెన్, టార్చి పట్టుకుని ఎదురయ్యాడు. వీళ్ల నాయకుడు జార్జ్ డాష్ మేం చేపలు పట్టేవాళ్లమని చెప్పి, బెదిరించి, నోరు మూసుకోమని డబ్బు చేతిలో పెట్టాడు. మూడు వందల డాలర్లు ఇస్తానని ఇచ్చింది 260. కంగారులో సరిగా లెక్కపెట్టలేదు! ఈ ఒక్క విషయం నీ రెండో పేజీ మొత్తానికి సమానం.

ఆ తర్వాత డాష్ మనసు మార్చుకున్నాడు. ఎఫ్‌బీఐకి ఫోన్ చేస్తే మొదట పట్టించుకోలేదు. వాషింగ్టన్ వెళ్లి, తెచ్చుకున్న ఎనభై వేల డాలర్ల పైచిలుకు డబ్బు వాళ్ల ముందు కుమ్మరిస్తే అప్పుడు నమ్మారు. అతను చెప్పిన ఆనవాళ్లతోనే మిగతావాళ్లని పట్టుకున్నారు. ప్రజలకి మాత్రం ఎఫ్‌బీఐ తెలివితో పట్టేసిందనే చెప్పారు, డాష్ ఊసెత్తలేదు. ఆ ఎనిమిది మందిలో హెర్బర్ట్ హాప్ట్ అనే 22 ఏళ్లవాడు అమెరికా పౌరుడే. షికాగోలో అమ్మానాన్నల దగ్గరికి వెళ్లాడు. ఆరుగురిని ఆగస్టు 8న కరెంటు కుర్చీలో చంపారు, వాళ్లలో ఈ కుర్రాడూ ఒకడు. వాళ్లు ఒక్క బల్బు కూడా పగలగొట్టలేదు. నీ విద్రోహి ఇలా ఉండాలి తల్లీ. అమ్మ వండిన అన్నం తింటూ జేబులో చిట్టీ తడుముకునేవాడు. వాణ్ణి చూస్తే నీ పాఠకుడికి భయమూ వెయ్యాలి, జాలీ వెయ్యాలి.

అయితే పాత బొమ్మలు అంత గొంతు చించుకుని ఎందుకు అరిచేవి? కొంత కారణం అచ్చు. పది సెంట్ల పుస్తకం, న్యూస్‌ప్రింట్ కాగితం. విజయవాడలో వారపత్రికలకి నేను గీసినప్పుడు జింకు బ్లాకులో సన్నగీతలు పూడిపోయేవి, మొహంలో భావం ఉంచాలంటే కనుబొమ్మలు లావుగా వెయ్యాల్సిందే. ఆ కష్టం నాకు తెలుసు. కానీ అంతా అచ్చు మీద తోసేయడం అన్యాయం. యంగ్ అలైస్ అనే పిల్లల జట్టులో నల్ల కుర్రాణ్ణి గీసిన తీరు ఇప్పుడు చూడలేం. జపాన్‌వాళ్లకి కోరలు పెట్టారు, పసుపు రంగు పులిమారు. జర్మన్లలో కనీసం మంచి జర్మన్ ఒకడు అప్పుడప్పుడూ కనిపించేవాడు.

ఇక్కడ నీకొక సలహా. కాదు, అడుగుతున్నాననుకో. నీ కథలో నీ జట్టు ఒకసారి తప్పు చెయ్యాలి.

ఎలాగో చెప్తాను. 1942 ఫిబ్రవరి 9న న్యూయార్క్ రేవులోనే నార్మండీ అనే పెద్ద ఫ్రెంచి ఓడ తగలబడింది. సైనికుల్ని మోసే ఓడగా మారుస్తున్నారు. ఊరంతా విద్రోహుల పనే అంది. తీరా విచారిస్తే వెల్డింగ్ నిప్పురవ్వలు లైఫ్ జాకెట్ల కుప్ప మీద పడ్డాయి, అంతే. మంటలార్పడానికి కొట్టిన నీళ్ల బరువుకే ఓడ పక్కకి ఒరిగిపోయింది. సరిగ్గా పది రోజులకి, ఫిబ్రవరి 19న, అమెరికా పడమటి తీరంలోని జపాన్ సంతతివాళ్లని ఖాళీ చేయించడానికి దారితీసిన ఉత్తర్వు మీద అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం పెట్టాడు. ఈ రెంటికీ సంబంధం ఉందని నేననను. గాలి మాత్రం ఒకటే. దాదాపు లక్షా ఇరవై వేల మందిని ముళ్లకంచె శిబిరాల్లో పెట్టారు, మూడింట రెండొంతుల మంది అమెరికా పౌరులే. వాళ్లలో ఒక్కరి మీదైనా విధ్వంసం నేరం రుజువు కాలేదు. ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్నవాళ్లకి తలా 20 వేల డాలర్లు ఇవ్వాలని చట్టం చేసింది 1988లో.

ఈ పని నీకంటే ముందు ఒకాయన కొంత చేశాడు. రాయ్ థామస్ పుట్టింది 1940లో, యుద్ధం అయ్యేసరికి పసివాడు. 1975లో ఇన్వేడర్స్ అని కెప్టెన్ అమెరికా, హ్యూమన్ టార్చ్, సబ్ మారినర్‌లతో యుద్ధకాలపు జట్టు కథలు మొదలుపెట్టాడు. 1978లో అదే పుస్తకంలో ఆ శిబిరాలు కథలోకి వచ్చాయి. అంటే ఆ కాలాన్ని చూడనివాళ్లు దాన్ని గీయకూడదని ఏమీ లేదు. తర్వాత జరిగింది తెలిసుండటం నీకు లాభమే.

మీ అమ్మమ్మ మాట కూడా చెప్పనీ. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అమ్మకి అప్పుడు పన్నెండేళ్లు, విశాఖలోనే ఉన్నారు. సామాన్లు బళ్లకెత్తి జనం ఊళ్లు పట్టిపోయారట. అంతకు రెండు రోజుల తర్వాత, దీపాలు పెట్టొద్దన్న రాత్రి, సముద్రం ఒడ్డున ఎవడో బీడీ వెలిగించాడు. ఓడలకి సైగ చేస్తున్నాడని పట్టుకుని చితకబాదారట. వేటకెళ్లిన తమ్ముడి పడవ ఇంకా రాలేదని కూర్చున్నవాడు. అమ్మ ఈ కథ చాలాసార్లు చెప్పింది. కొట్టినవాళ్లలో మా తాతయ్య కూడా ఉన్నాడన్నది మాత్రం ఒకేసారి చెప్పింది. నీ తొమ్మిదో పేజీలో రేవు కూలీని పట్టుకుని ఓడ ఎత్తేవాడు కొడుతున్నాడు కదా, ఆ కూలీకి ఏమీ తెలియదని పదో పేజీలో బయటపెట్టు. క్షమాపణ డైలాగ్ రాయకు. ఆ చేతులు గీయి చాలు.

చిన్నవి రెండు. కాగితం పాతబడినట్టు పసుపు మరకలు వెయ్యకు, 1942లో కొన్న పిల్లాడికి అది కొత్త పుస్తకమే. పాతవి దొరకనిదీ అందుకే, చదివేశాక పిల్లలు యుద్ధం కోసం కాగితం పోగుచేసేవాళ్లకి ఇచ్చేశారు. రెండోది, బుడగల్లో మాటలు సగానికి తగ్గించు. కొట్టుకునేటప్పుడు ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు.

రెండు, ఐదు, తొమ్మిది, పది పేజీలు మళ్లీ గీసి పంపు. తొందరేం లేదు, దసరా లోపు చాలు. ఈసారి ఫోన్‌తో ఫొటో తియ్యకుండా స్కాన్ చేయించు, అంచులు వంకరపోతున్నాయి. మీ అమ్మ పంపిన ఆవకాయ చేరింది, జాడీ మూత మాత్రం పగిలింది.

ఉంటాను,
మామయ్య