క్యాంపస్ వైఫైకి కనెక్ట్ అయినా నెట్ ఎందుకు రాదు?

లాగిన్ అయ్యాక కూడా నెట్ రాకపోతే, లోపం పాస్‌వర్డ్‌లో కాదు, వీల్యాన్ (ఒకే నెట్‌వర్క్‌ను నంబర్లతో విడదీసిన భాగం) దారిలో ఉండొచ్చు. లాగిన్‌లను సరిచూసే రేడియస్ సర్వర్ మీ ఐడీ చూసి "ఇది విద్యార్థిది, 30వ వీల్యాన్‌లో వేయి" అని చెబుతుంది. దాని పని అంతే. ఆ తర్వాత యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) నుంచి మెయిన్ స్విచ్ దాకా ప్రతి ట్రంక్ పోర్ట్‌లోనూ, అంటే పలు వీల్యాన్‌లు ఒకే కేబుల్ మీదుగా వెళ్లే పోర్ట్‌లోనూ, 30ని అనుమతించి ఉండాలి. మధ్యలో ఒక్కచోట మరిచిపోయినా ఐపీ (నెట్‌వర్క్‌లో అడ్రస్) కోసం మీ ల్యాప్‌టాప్ అడిగేది, ఆ అడ్రస్‌లు ఇచ్చే డీహెచ్‌సీపీ సర్వర్‌కు చేరదు.

హనుమకొండలో ఒక కాలేజీ అనుకోండి. లైబ్రరీలో నెట్ బాగానే వస్తుంది, హాస్టల్‌కు వెళ్తే అదే ల్యాప్‌టాప్‌లో 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తుంది. ఐపీ ఇచ్చేవాళ్లు దొరక్క అది తనకు తానే పెట్టుకున్న నంబర్ అన్నమాట. హాస్టల్ స్విచ్ ట్రంక్‌లో 30 ఉందో లేదో ముందు చూడాలి.

పాపం, చాలామంది టెన్షన్ పడి పాస్‌వర్డ్ మార్చి మార్చి చూస్తారు. పాస్‌వర్డ్ తప్పయితే అసలు కనెక్టే కాదు.